కీక్యాడ్‌లో సొంత ఫుట్‌ప్రింట్లు ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రశ్న: అన్నలూ, సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నేను గీసుకున్న ఫుట్‌ప్రింట్లన్నీ (బోర్డు మీద పార్టుల కాళ్లు సోల్డర్ చేసే ప్యాడ్ల నమూనాలు) గ్లోబల్ లైబ్రరీలో, అంటే అన్ని ప్రాజెక్టులకీ కామన్‌గా ఉండేదాంట్లో ఉన్నాయి, ప్రాజెక్ట్ ఫోల్డర్ జిప్ చేసి ఫ్రెండ్‌కి పంపితే బోర్డు బానే ఓపెన్ అవుతోంది గానీ లైబ్రరీ లేదని వార్నింగులు వస్తున్నాయంట, ఏం చేయాలి?

జవాబు 1: బోర్డు ఫైల్లోనే ఫుట్‌ప్రింట్ల కాపీ ఉంటుంది బ్రో, అందుకే ఓపెన్ అవుతోంది. లైబ్రరీ అంటే డాట్ ప్రెట్టీ అని ఉండే ఫోల్డర్, దాన్ని ప్రాజెక్ట్ లోపలికి కాపీ చేసి, మేనేజ్ ఫుట్‌ప్రింట్ లైబ్రరీస్‌లో ప్రాజెక్ట్ స్పెసిఫిక్ ట్యాబ్‌లో యాడ్ చెయ్యి, పాత్‌లో సీ డ్రైవ్ గట్రా కాకుండా ప్రాజెక్ట్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే కేఐపీఆర్‌జేమాడ్ (KIPRJMOD) వేరియబుల్ పెట్టు. లైబ్రరీకి పెట్టిన నిక్‌నేమ్ మాత్రం పాతదే ఉంచు, మార్చావంటే లింకులన్నీ తెగుతాయి.

జవాబు 2: లైబ్రరీ ఫోల్డర్ పోయినా పర్లేదు, ఫైల్ మెనూ ఎక్స్‌పోర్ట్‌లోంచి బోర్డులో ఉన్నవాటినే లైబ్రరీగా తీసుకోవచ్చు.

జవాబు 3: ఇంకోటి, లైబ్రరీలో ప్యాడ్ మార్చినంత మాత్రాన బోర్డులో మారదు, అప్‌డేట్ ఫుట్‌ప్రింట్స్ ఫ్రమ్ లైబ్రరీ కొట్టాల్సిందే.