క్రయోనిక్స్ కరపత్రంలో సావిత్రి కథ పెట్టొచ్చా?

పర్లాకిమిడి పద్మ:
నేను బీమా ఏజెంటుని. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు క్రయోనిక్స్‌లో సభ్యుడయ్యాడు. పోయాక శరీరాన్ని మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచుతారు, ఎప్పటికైనా వైద్యం ఎదిగితే లేపొచ్చన్న ఆశతో. ఖర్చుకి చాలామంది జీవిత బీమా తీసుకుని, ఆ డబ్బు సంస్థకే చేరేలా రాస్తారట. అక్కడి తెలుగువాళ్ళ కోసం వాడొక కరపత్రం రాసి నన్ను దిద్దమన్నాడు. మొదటి వాక్యమే "సావిత్రి యముడి దగ్గర్నుంచి భర్తను తెచ్చుకోలేదా?" అని. కింద "ఆత్మకు చావు లేదని గీతే చెప్పింది, శరీరం సంగతి మేం చూసుకుంటాం" అని. నాకు చెయ్యి ఆడలేదు. భక్తి ఉన్నవాళ్ళకి ఈ విషయం చెప్పొద్దని అనను. దేవుడి మాట చూపించి సంతకం పెట్టించుకోవడమే తప్పు. నేను జగన్నాథుడి పేరు చెప్పి ఏనాడూ పాలసీ కట్టించలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇందులో ఏం రాయమనాలి?

గుణుపురం పురోహితుడు:
తల్లీ, చావింట్లో నన్ను ఆత్మ గురించి ఎవరూ అడగరు. తలకొరివి ఎవరు పెట్టాలి, పదో రోజు ఎప్పుడొస్తుంది, మైల ఎప్పుడు తీరుతుంది, ఇవే అడుగుతారు. దహనమే లేకపోతే ఆ ఇంటివాళ్ళకి ఏ లెక్కా తేలదు. దారి లేదని కాదు. శరీరం దొరకనప్పుడు దర్భలు, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది. పోయాడనుకుని కర్మ చేసేశాక మనిషి తిరిగొస్తే, జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్ళీ జరిపించి, ఆ భార్యతోనే మళ్ళీ పెళ్ళి చేయాలని ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఉంది. అది బతికుండి తిరిగొచ్చినవాడి మాట. సావిత్రి కథలో ప్రాణం తిరిగొచ్చింది యముడి వరం వల్ల, శరీరం దాచడం వల్ల కాదు. ఆ తల్లిని ఇందులోకి లాగొద్దు.

బరంపురం రిటైర్డ్ డాక్టర్:
పద్మగారూ, మరణం చట్టప్రకారం ప్రకటించాకే ఈ పని మొదలవుతుంది. 1967 జనవరిలో ఇలా భద్రపరిచిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే అమెరికన్ శరీరం ఇప్పటికీ అలాగే ఉంది. ఇంతవరకు ఒక్క మనిషినీ లేపలేదు. గడ్డకట్టించిన పిండాల నుంచి పిల్లలు పుడుతున్నారు కదా అంటారు. పిండమంటే కొద్దిపాటి కణాలు, మెదడుతో పోలికే లేదు. ఇంకొకటి. కాలిఫోర్నియాలోని ఛాట్స్‌వర్త్ శ్మశానంలో దాచిన తొమ్మిది శరీరాలు డబ్బు చాలక కరిగి పాడైపోయాయని 1979లో బయటపడింది. ఎవరినీ లేపలేదన్నదీ, ఈ శరీరాలు పాడైన సంగతీ, రెండూ మొదటి పేజీలోనే ఉండాలి.

పర్లాకిమిడి పద్మ:
శాస్త్రిగారూ, డాక్టరుగారూ, నమస్కారం. సావిత్రినీ గీతనూ కొట్టేశాను. మొదటి వాక్యం ఇలా మార్చాను: "ఇంతవరకు ఎవరినీ లేపలేదు, లేపుతామని మేం మాటివ్వడం లేదు." దాని కింద, దహనం, కర్మల గురించి ఇంట్లోవాళ్ళతో సంతకానికి ముందే మాట్లాడుకోండి అని చేర్చాను. తలకొరివి మాట చదివాక వాడికి ఫోన్ చేశాను. మా వదినకి వాడు ఇంకా చెప్పనేలేదట. కరపత్రం ఎవరికైనా ఇచ్చే ముందు మీ అమ్మకి చెప్పరా అన్నాను. ఆదివారం ఫోన్ చేస్తానన్నాడు. ఆ టైముకి నేను వదిన పక్కనే ఉంటాను.