షియర్ వేవ్‌ని "కోత తరంగం" అనొచ్చా?

ద్రవాల్లో వాడే అకౌస్టిక్ బయోసెన్సర్ల (కంపనాలతో ప్రోటీన్ల లాంటివాటిని పసిగట్టే పరికరాల) మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. షియర్ వేవ్ దగ్గర ఆగిపోయాను. నిఘంటువు చూసి "కోత తరంగం" అని రాశాను కానీ పంటికింద రాయిలా తగులుతోంది. ఏమంటే బాగుంటుంది?

↳ కోత వద్దండీ, అక్కడ తెగేదేమీ లేదు. లావుపాటి పుస్తకం అట్ట మీద చెయ్యి ఆనించి పక్కకి నెట్టండి, పేజీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఏటవాలుగా జరుగుతాయి చూశారా, షియర్ అంటే అదే. అందుకే నా ఓటు "ఒరిపిడి తరంగం"కి. నీళ్ళలో ఈ తేడాయే ప్రాణం. అరచేత్తో నీటి మీద చరిస్తే అలలు అంచుదాకా పోతాయి, అదే చెయ్యి నీటికి ఆనించి అటూ ఇటూ నిమిరితే చేతిని అంటుకున్న పల్చటి పొరే కదులుతుంది. ఇలాంటి సెన్సర్‌లో ఉండే 5 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ బిళ్ళ ఇలా ఒరుసుకుంటూ ఊగితే ఆ కదలిక నీళ్ళలో సుమారు 250 నానోమీటర్లకే చాలావరకు అణిగిపోతుంది. బిళ్ళ మీది యాంటీబాడీకి ప్రోటీన్ వచ్చి అతుక్కునేది సరిగ్గా ఆ పొరలోనే కాబట్టి బిళ్ళ ఊగే పౌనఃపున్యం తగ్గుతుంది, మనం కొలిచేది ఆ తగ్గుదలనే.

↳ పాఠ్యపుస్తకాల్లో "తిర్యక్ తరంగం" ఉంది కదా, కొత్త మాట ఎందుకు?

↳ అది చాలదండీ. తిర్యక్ అంటే ప్రయాణదిశకి అడ్డంగా ఊగేది అని మాత్రమే. ఘనపదార్థం ఉపరితలం వెంట పోయే రేలీ తరంగంలో పైకీ కిందకీ ఊగే భాగమూ ప్రయాణదిశకి అడ్డమే, కానీ నీళ్ళు తగిలాయంటే ఆ ఊపు శక్తినంతా ద్రవంలోకి పారబోసేస్తుంది, సెన్సర్ పనికిరాకుండా పోతుంది. ఉపరితలం వెంటే పక్కకి ఊగే తరంగానికి ఆ గొడవ లేదు. రెండిటినీ ఒకే మాటతో పిలిస్తే వ్యాసంలో అసలు విషయమే జారిపోతుంది.

ఇంకో మాట, "బరువు కొలిచే బిళ్ళ" అని మాత్రం రాయకండి. 5 మెగాహెర్ట్జ్ బిళ్ళకి 1 హెర్ట్జ్ తగ్గితే చదరపు సెంటీమీటరుకి 17.7 నానోగ్రాములు అన్న లెక్క 1959 నాటి సావర్‌బ్రే సూత్రంది, బిగుతుగా అంటుకున్న పల్చటి పొరకే అది సరిపోతుంది. ఒకవైపు ఉత్త నీళ్ళు పోసినా దాదాపు 700 హెర్ట్జ్ పడిపోతుంది, ఏదీ అతుక్కోకుండానే! అది నీటి సాంద్రత, స్నిగ్ధతల పని, 1985లో కనజావా, గోర్డన్ దానికి సూత్రం ఇచ్చారు.

↳ అయితే "ఒరిపిడి తరంగం" అనే రాస్తాను, మొదటిసారి మాత్రం పక్కన షియర్ అని చెప్తాను. మరి లవ్ వేవ్?

↳ ఇందాక చెప్పిన, ఉపరితలం వెంటే పక్కకి ఊగే తరంగాల్లో అదొకటి. లవ్ తరంగం అనే ఉంచండి, లవ్ ఒక గణితవేత్త ఇంటిపేరు. "ప్రేమ తరంగం" అని మాత్రం దయచేసి రాయొద్దు.