జాగ్వార్ ఎక్స్‌జె6కు ఇంత ఆదరణ దేనివల్ల?

ప్రశ్న – మిడ్‌లాండ్స్ పాఠకుడు

నేను ఇంగ్లాండులోని కోవెంట్రీకి దగ్గరలో ఉంటున్నాను. ఇక్కడ పాత కార్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా, 1968లో విడుదలైన జాగ్వార్ ఎక్స్‌జె6 చుట్టూ జనం గుమిగూడడం చూస్తున్నాను. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు ఆ కాలపు రోవర్ కార్లలోనూ ఉన్నాయి. పైగా తుప్పు విషయంలోనూ, ఎలక్ట్రికల్ పనుల విషయంలోనూ ఈ కారుకు మంచి పేరు లేదు. అయినా ఇంత ఆదరణ ఎందుకు? సిరీస్ 3 (ఈ కారు మూడో రూపం) కారు ఒకటి కొనాలనే ఆలోచన ఉన్నందున అడుగుతున్నాను.

సమాధానం – గ్యారేజీ మిత్రుడు

చెక్కనూ తోలునూ పక్కన పెట్టి, గతుకుల రోడ్డు మీద ఒక్కసారి ఆ కారు వెనుక సీట్లో కూర్చుని చూడండి. ముందు సస్పెన్షన్‌ను (గతుకుల కుదుపును తట్టుకునే అమరికను) ఒక సబ్‌ఫ్రేమ్ (చిన్న విడి చట్రం) మీద, వెనుక డిఫరెన్షియల్‌నూ (ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టెనూ) బ్రేకులనూ సస్పెన్షన్‌నూ కలిపి మరొక ఉక్కు చట్రంలో అమర్చి, ఆ రెండింటినీ రబ్బరు మౌంటింగుల ద్వారా బాడీకి బిగించడం వల్ల, చక్రాల చప్పుడూ అదురూ లోపలికి చేరేలోగా చాలావరకు అణిగిపోతాయి. వెనుక ఒక్కో చక్రానికి రెండేసి కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. మెత్తగా నడిచే కారు మలుపుల్లో ఒరిగిపోతుందనీ, మలుపుల్లో నిలిచే కారు ఒళ్లు హూనం చేస్తుందనీ అందరూ అనుకుంటున్న రోజుల్లో, బాబ్ నైట్ నాయకత్వంలోని జాగ్వార్ ఇంజనీర్లు ఆ రెండు గుణాలనూ ఒకే కారులో సాధించారు. ఇంజను మాత్రం అప్పటికే పాతది; 1948లో ఎక్స్‌కె120 స్పోర్ట్స్ కారుతో వచ్చిన ఆరు సిలిండర్ల వంశానిదే. 4.2 లీటర్ల రూపంలో అది ఈ కారుకు చక్కగా సరిపోయింది. 2.8 లీటర్ల ఇంజనుకు పిస్టన్లు కాలిపోయే జబ్బు ఉండేది కనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

సమాధానం – పాత కార్ల ప్రేమికుడు

పై సమాధానంతో సగమే ఏకీభవిస్తాను. ప్రదర్శనలో గుమిగూడేవారిలో ఎందరు ఆ వెనుక సీట్లో కూర్చున్నారు? వారిని ఆపేది ఆకారమే. 1922లో బ్లాక్‌పూల్‌లో మోటారు సైకిళ్ల సైడ్‌కార్లతో వ్యాపారం మొదలుపెట్టిన జాగ్వార్ సంస్థాపకుడు విలియం లయన్స్, కాగితం మీది గీతలకన్నా పూర్తి పరిమాణపు నమూనాలనే నమ్మి, వాటిని ఆరుబయట వెలుతురులో అన్ని వైపుల నుంచీ చూసి సవరింపజేసేవారు. ఆయన చేతి మీదుగా రూపుదిద్దుకున్న చివరి సెలూన్ (నాలుగు తలుపుల కుటుంబ కారు) ఇదే. వెడల్పాటి టైర్ల మీద తక్కువ ఎత్తులో ఒదిగి, వెనక్కి దిగుతూ సన్నబడే ఆ వరుసకు అలంకారాల అవసరమే లేదు. 1979లో సిరీస్ 3 కోసం ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ పైకప్పును, అద్దాలను సవరించింది. లోపల చోటు పెరిగిందన్నది నిజమే గాని, నా కంటికి మొదటి సిరీసే అందం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఇక్కడ ఏటేటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డు మీద నడపడానికి క్షేమమేనా అన్న తనిఖీ) తప్పనిసరి కాదు కాబట్టి, అమ్మేవారి మాట మీద ఎంతవరకు ఆధారపడవచ్చు?

సమాధానం – గ్యారేజీ మిత్రుడు

ఏమాత్రం ఆధారపడవద్దు, తప్పనిసరి కాకపోయినా డబ్బు కట్టి ఆ పరీక్ష చేయించండి. తలుపుల కింది సిల్స్, వెనుక చక్రాల పైభాగం, సిరీస్ 3లో ముందు, వెనుక అద్దాల అంచులు తుప్పు పట్టే చోట్లు. పెట్రోలు ట్యాంకులు రెండు, వెనుక రెక్కల్లో (వెనుక చక్రాల పక్కనున్న బాడీ భాగాల్లో) ఒక్కోవైపు ఒకటి; డ్యాష్‌బోర్డు మీది మీటతో ఒకదాని నుంచి మరొకదానికి మారుతున్నదో లేదో నడిపి చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, వెనుక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి కాబట్టి, అక్కడి సీలు కారితే నూనె నేరుగా బ్రేకుల మీద పడుతుంది. అది బాగుచేయాలంటే తరచుగా ఆ వెనుక ఉక్కు చట్రం మొత్తాన్ని కిందికి దించవలసి వస్తుంది. ఆ కూలీ ఖర్చును ధరలో నుంచి తగ్గించే మాట్లాడండి.