మూడో మనిషి రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వస్తే లైసెన్సు కావాలా?

ప్రశ్న (గాజువాక ఆటోనగర్): ఆఫీసులో విండోస్ సర్వర్ 2019 ఒక్కటే ఉంది. డొమైన్ (అన్ని కంప్యూటర్ల లాగిన్లనూ ఒకే చోట నడిపే ఏర్పాటు) లేదు, వర్క్‌గ్రూపే (ఏ కంప్యూటర్ లాగిన్లు దానివే). అడ్మిన్లం ఇద్దరం. అకౌంట్స్ వాళ్లు ఆరుగురు, మూడు కంప్యూటర్ల మీద రెండు షిఫ్టులు. ట్యాలీ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే. మూడో మనిషి లాగిన్ అవగానే ‘ఒకరిని డిస్‌కనెక్ట్ చెయ్యండి’ అంటోంది. సెట్టింగేదైనా మార్చాలా? నెలాఖర్లో సీతమ్మధార నుంచి ఆడిటర్ గారు కూడా సొంత ల్యాప్‌టాప్‌తో చూస్తారు.

జవాబు: సెట్టింగ్‌తో పోయేది కాదండీ. విండోస్ సర్వర్‌తో ఊరికే ఇచ్చే రెండు సెషన్లు (ఒకేసారి ఇద్దరి లాగిన్లు) సర్వర్ బాగోగులు చూసుకోవడానికి: అప్‌డేట్లు, బ్యాకప్, యూజర్లను చేర్చడం. ట్యాలీలో ఓచర్ కొట్టడం అందులోకి రాదు, కొట్టేది ఒక్కరే అయినా సరే. అకౌంట్స్ వాళ్లకు విండోస్ సర్వర్ కాల్ (క్లయింట్ యాక్సెస్ లైసెన్స్, అంటే సర్వర్ వాడుకునే లైసెన్సు) ఒకటి, దాని పైన ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) కాల్ ఇంకొకటి కావాలి. డీలరు కోట్‌లో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

మరో సభ్యుడు: మీకు డివైస్ కాల్ (మనిషికి కాక కంప్యూటర్‌కి ఒకటి చొప్పున లెక్క) నయం. మనుషులు ఆరుగురైనా కంప్యూటర్లు మూడే, ఆడిటర్ గారి ల్యాప్‌టాప్‌తో నాలుగు. పైగా వర్క్‌గ్రూప్‌లో 2019 మీద యూజర్ మోడ్ (మనిషికి ఒకటి చొప్పున లెక్క) పెడితే 60 నిమిషాలకు సెషన్ తెగుతుంది. ఇంకో మెలిక: 2022 ఆర్‌డీఎస్ కాల్ 2019 హోస్టుకు (అందరూ లాగిన్ అయ్యే సర్వర్) చెల్లుతుంది గానీ 2019 లైసెన్స్ సర్వర్‌లోకి (కాల్స్ దాచి పంచే సర్వర్) ఎక్కదు. మీకున్నది ఒక్క మిషనే, 2019వే అడగండి.

ప్రశ్న: 120 రోజులు ఫ్రీ అంటారు కదా? రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) కీ తీసేస్తే మళ్లీ మొదలవుతుందట.

జవాబు: ఆ కీ తీయడమంటే లైసెన్సు ఎగ్గొట్టడమే. వేరే కంపెనీ రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆర్‌డీఎస్ కాల్ తప్పదు. 120 రోజులు సెషన్ హోస్ట్ రోల్‌కి (చాలామందిని ఒకేసారి లాగిన్ కానిచ్చే విండోస్ భాగం) ఇచ్చే గడువు. అసలు తప్పు జరిగేది ఇక్కడే. కాల్స్ ఎక్కించి, మోడ్ పెట్టడం మర్చిపోతారు. నాలుగు నెలలు హాయిగా నడిచి, ఒక పొద్దున్నే ఎవర్నీ లోపలికి రానివ్వదు.

సర్వర్ మేనేజర్‌లో రోల్ బేస్డ్ దారిలోనే వెళ్లండి (క్విక్ స్టార్ట్‌కి డొమైన్ కావాలి). సెషన్ హోస్ట్, లైసెన్సింగ్ రెండూ టిక్ పెట్టండి. లైసెన్సింగ్ మేనేజర్‌లో సర్వర్‌ని యాక్టివేట్ చేసి కాల్స్ ఎక్కించండి. తర్వాత లోకల్ గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, సెషన్ హోస్ట్, లైసెన్సింగ్ దాకా వెళ్లి లైసెన్స్ సర్వర్ పేరు ఇవ్వండి, మోడ్ ‘పర్ డివైస్’ పెట్టండి. రీబూట్ చేశాక లైసెన్సింగ్ డయాగ్నోజర్ తెరిస్తే తప్పు ఉంటే అక్కడే చెబుతుంది.

అడ్మిన్లిద్దరూ ఇక మీదట రన్ బాక్సులో ‘ఎంఎస్‌టీఎస్‌సీ’ తర్వాత ఖాళీ వదిలి ‘/అడ్మిన్’ కొట్టి వెళ్లండి, మీ మిషన్లకు కాల్ ఖర్చవదు. లైసెన్సు గోల వచ్చి అందరూ బయట ఆగిపోయినా ఆ దారి తెరిచే ఉంటుంది.

మరో సభ్యుడు: ఆడిటర్ గారి కోసమని రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) మాత్రం తెరవకండి, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) ఇవ్వండి. ఆయన ల్యాప్‌టాప్ మారిస్తే కంగారొద్దు. పాత దాని మీదున్న కాల్ 52 నుంచి 89 రోజుల్లో తనంతట తానే వెనక్కి వస్తుంది.