ఇంట్లో పెద్ద టీవీ ఉన్నా కొన్ని రకాల సినిమాలు ఎందుకు తేలిపోతున్నాయి?

ప్రశ్న (కడప నుంచి)

ఈ మధ్య మా పడసాలలో పెద్ద తెర టీవీ ఒకటి పెట్టుకున్నాము. అప్పటినుంచి పాత పౌరాణికాలు, హాస్య చిత్రాలు, దయ్యాల కథలు, ఫ్యాక్షన్ సినిమాలు, ఓటీటీలో వచ్చే నేర పరిశోధన సిరీస్‌లు ఒక వరుస అంటూ లేకుండా ఇంటిల్లిపాదీ చూస్తున్నాము. చూసేకొద్దీ ఒక్కో రకానికి ఒక్కో ఇబ్బంది బయటపడుతున్నది.

మాయాబజార్ పెడితే పాత్రలు నిన్నమొన్న తీసిన సీరియల్‌లో మాదిరి జారుతున్నట్టు కదులుతున్నాయి, ముఖాలు కూడా వెడల్పుగా కనిపిస్తున్నాయి. దయ్యాల సినిమాలో రాత్రి సన్నివేశం రాగానే తెరమీద బూడిదరంగు మచ్చలు, ఎదుటి కిటికీ నీడ తప్ప మరేమీ కనిపించదు. మాటలు వినపడడం లేదని ధ్వని పెంచితే, మరుక్షణమే పోరాటం మొదలై పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు. థియేటరులో కడుపుబ్బ నవ్విన హాస్య చిత్రాలు ఇంట్లో చిరునవ్వుతోనే సరిపెడుతున్నాయి. విచిత్రమేమంటే మా జేజి చూసే సీరియళ్ళకు మాత్రం ఈ బాధ ఒక్కటీ లేదు. లోపం టీవీదా, ఆ చిత్రాలదా, చూసే మాదా? వేటిని ఇంట్లో నిశ్చింతగా చూడవచ్చో, వేటికి థియేటరే దిక్కో అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం (అనంతపురం నుంచి)

మాయాబజార్ సంగతి ముందుగా చెబుతాను. దాని దర్శకులు కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రివారు కనుక ఆ సినిమా మీద మా జిల్లావారికి కొంత పక్షపాతం ఉంటుంది, మన్నించాలి.

సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. ఇప్పటి టీవీలు ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ నడుమ ఎలాంటి చిత్రం ఉండవచ్చునో తామే లెక్కగట్టి, కొత్త ఫ్రేములను తయారుచేసి చేర్చి, కదలికను నునుపు చేస్తాయి. బంతి వెంట కన్ను పరుగెత్తవలసిన క్రికెట్ ఆటకు అది మేలు చేస్తుందేమో కానీ, సినిమాకు సహజమైన నడకను తీసివేసి వీడియో కెమెరాతో తీసిన సీరియల్ రూపాన్ని అంటగడుతుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. పిక్చర్ సెట్టింగులలో మోషన్ అనే మాట ఎక్కడ కనిపించినా ఆపివేయండి. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమాను తీసినవారు తీసినట్టే చూపే అమరిక) ఉంటే అది ఒక్కటే చాలు.

ముఖాలు వెడల్పు కావడం వేరే సంగతి. 1957 నాటి ఆ చిత్రంలో బొమ్మ వెడల్పు ఎత్తుకు దాదాపు 1.37 రెట్లు మాత్రమే, మీ టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.78 రెట్లు. తెర నిండాలని టీవీ దాన్ని పక్కలకు సాగదీస్తున్నది. ఇరుపక్కలా నల్లని పట్టీలు మిగిలితే తెర వృథా అయినట్టు కాదు, బొమ్మ ఉండవలసిన కొలతలో ఉన్నట్టు. తెలుగులో సినిమాస్కోప్, అంటే ఇంకా వెడల్పైన బొమ్మ, 1974లో అల్లూరి సీతారామరాజుతో వచ్చింది. అలాంటి చిత్రాలకు పట్టీలు పైనా కిందా వస్తాయి, వాటినీ అలాగే ఉండనివ్వాలి.

ఈ రెండూ సరిచేసి, 2010లో విడుదలైన రంగుల ప్రతిని పక్కన పెట్టి, నలుపు తెలుపు ప్రతిలోనే పడవ పాటను మళ్ళీ చూడండి. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో నీటిమీది వెన్నెలకు తెలుపు నుంచి నలుపు దాకా ఉన్న ఛాయలే ప్రాణం, రంగులు వేసిన ప్రతిలో ఆ వెన్నెల నాకు కనిపించలేదు. పౌరాణికాలకు థియేటరే దిక్కని చాలామంది అంటారు కానీ నేను ఒప్పుకోను. ఆ కాలపు కెమెరా నటుణ్ణి నిలువెల్లా చూపుతూ చాలాసేపు కదలకుండా నిలబడుతుంది, సంభాషణ నిదానంగా సాగుతుంది. అందువల్ల ఆ చిత్రాలు ఇంటి తెరమీద మనం అనుకున్నంత నష్టపోవు.

సమాధానం (కర్నూలు నుంచి)

అనంతపురం మిత్రులు చెప్పిన మార్పులు తప్పక చేయండి, కానీ హాస్యం విషయంలో మీ ఇబ్బంది ఏ సెట్టింగుతోనూ తీరదు. సినిమాకు హాస్యం రాసేవారు హాలంతా నవ్వుతుందని ముందే లెక్కవేసి, ఒక చమత్కారానికీ తరువాతి చమత్కారానికీ నడుమ కొంత జాగా వదులుతారు. వెయ్యిమంది నవ్వు నింపవలసిన ఆ జాగాను ఇంట్లో నలుగురు నింపలేరు, కనుక అక్కడ సన్నివేశం ఆగిపోయినట్టు తోస్తుంది. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన అమృతం ఇవాళ ఒంటరిగా కూర్చుని చూసినా నవ్వు వస్తుందంటే, అది మొదటినుంచీ ఇంటి కొలతకు రాసుకున్న హాస్యం కావడమే కారణం. హాస్య చిత్రాలను బంధువులు వచ్చిన రోజుకు దాచుకోండి.

ఫ్యాక్షన్ సినిమాల గురించి మీరు వివరంగా రాయలేదు కానీ, మన జిల్లాలవారికి అసలు చర్చ అక్కడే ఉన్నది. ఒక్కడు (2003) విడుదలైనప్పుడు మా ఊరి కొండారెడ్డి బురుజు దగ్గరి సన్నివేశం తెరమీదికి రాగానే ఈలల హోరులో ఒక్క మాటా చెవిన పడలేదు, పడవలసిన అవసరమూ ఎవరికీ తోచలేదు. అదే రకం సినిమాలను ఇప్పుడు ఇంట్లో ప్రశాంతంగా చూస్తే, గ్రాఫిక్సు కన్నా, పేలే సుమోల కన్నా ముందుగా యాస పట్టుబడుతుంది. పాత్ర పలికే వాక్యమంతా కోస్తా పుస్తక భాషలో ఉంటుంది, పైన నాలుగు సీమ మాటలు తాలింపు వేసినట్టు ఉంటాయి. మా నాయన అయితే అలాంటి చోట టీవీ ఆపించి, ఆ మాట మన దిక్కు ఎట్లా అంటారో పలికి చూపిన తరువాతే ముందుకు పోనిస్తారు. థియేటరు దాచిపెట్టే లోపాన్ని ఇల్లు బయటపెట్టే రకం ఇది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. పల్లెలో ఆటో నడుపుకొనే మనిషికి తన బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోవడం సినిమా బండి కథ. అది 2021లో థియేటర్లకు వెళ్ళకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులోని సరిహద్దు పల్లె మాటతీరు పలుచని గొంతులతో, తడబాట్లతో సాగుతుంది. ఈలల మధ్య అయితే అది వినపడకుండానే పోయేది.

ప్రశ్న అడిగినవారు (కడప)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మోషన్ అనేది మా టీవీలో రెండు చోట్ల ఉన్నది, రెండూ ఆపివేశాను. మాయాబజార్ కుదుటపడింది. మా జేజి మాత్రం పక్కలకు నల్లపట్టీలు చూసి టీవీ చెడిపోయిందని అంటున్నది. ఇక చీకటి సన్నివేశాలు, ధ్వని మిగిలాయి.

సమాధానం (ప్రొద్దుటూరు నుంచి)

చీకటి సన్నివేశాలతో ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్‌లో రాత్రి యుద్ధం ఉన్న భాగం చీకటిగా ఉండి ఏమీ కనిపించలేదని అనేక దేశాల ప్రేక్షకులు గోల పెట్టారు. ఓటీటీ సంస్థలు నెట్ మీద పంపడానికి బొమ్మను కుదించినప్పుడు మొదట దెబ్బతినేవి ముదురు నీడలలోని సూక్ష్మమైన తేడాలే, మీరు చూసిన బూడిద మచ్చలు బహుశా అవే. నెట్ వేగం చాలినప్పుడు నాణ్యతను ఆటోమేటిక్‌కు వదలకుండా ఎక్కువలో పెట్టండి. మన ఎండలలో మధ్యాహ్నం పూట కిటికీ ఎదురుగా ఉన్న తెరమీద దయ్యాల సినిమా చూడడం మాత్రం దండగ. దయ్యాల కథకు చీకటి ఎంత అవసరమో నిశ్శబ్దమూ అంతే అవసరం, మిక్సీ తిరుగుతున్న ఇంట్లో ఏ దయ్యమూ భయపెట్టలేదు. రాత్రి అందరూ పడుకున్నాక, ఫోన్లు వేరే గదిలో పెట్టి చూస్తే, నా అనుభవంలో ఆ రకానికి థియేటరు కన్నా ఇల్లే మేలు. హాలులో పక్కవాడి కేకలు భయాన్ని నవ్వులాటగా మార్చేస్తాయి.

ధ్వని విషయానికి వస్తే, సినిమా సౌండును ముందువైపు మూడు, వెనుక రెండు స్పీకర్లకు, లోతైన శబ్దాలకు విడిగా ఇంకొకదానికి పంచి కలుపుతారు, మాటలు ఎక్కువగా నడిమి స్పీకరులో నుంచి వస్తాయి. పలుచని టీవీలో ఆ నడిమి స్పీకరు ఉండదు, ఉన్న రెండూ తరచుగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అందుకే మాటలు నేపథ్య సంగీతంలో కలిసిపోతాయి. ఓటీటీలో ఆడియో ఎంపిక దగ్గర ఇలా ఆరు స్పీకర్లకు పంచిన 5.1 బదులు రెండు స్పీకర్లకు సరిపోయే స్టీరియో ఉంటే దాన్ని తీసుకోండి, టీవీలో నైట్ మోడ్ ఉంటే వేయండి, అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. పోరాటాల పస కొంత తగ్గినా పక్కింటివారు నిద్రపోతారు.

మీ జేజి సీరియళ్ళకు ఇవేవీ అంటకపోవడానికి కారణం సులభమే. అవి వంటింట్లో పని చేసుకుంటూ చెవితో అనుసరించడానికి వీలుగా రాసినవి, అందుకే ఒకే విషయాన్ని ముగ్గురు పాత్రలు మూడుసార్లు చెప్పుకుంటారు, వెలుతురు ఎప్పుడూ పట్టపగలులాగే ఉంటుంది. నేర పరిశోధన సిరీస్‌లకు మాత్రం ఆ ధోరణి పనికిరాదు, ఒక్క మాట వినకపోయినా కథ చేజారుతుంది కనుక తెలుగువైనా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది. మీ టీవీ ఆడియో మెనూలో ఏయే ఎంపికలు కనిపిస్తున్నాయో ఇక్కడ రాయండి, ఏది మార్చాలో చెబుతాను.