బేస్‌మెంట్‌లో గంజాయి మొక్కలు, మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాంప్టన్_బేస్‌మెంట్:
అందరికీ నమస్తే, కొంచెం మొహమాటంగానే అడుగుతున్నా, తిట్టకండి. కెనడాలో, ఒంటారియోలో ఉంటాను, బ్రాంప్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఇంకో ఇద్దరితో కలిసి. వర్క్ పర్మిట్ మీద ఉన్నా, పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి అప్లై చేసి ఎదురుచూస్తున్నా. ఇక్కడ ఇంట్లో పెంచుకోవడం లీగలే కదా, షాపులో కొనే బదులు మనమే పెంచుకుంటే పోలా అని మావాళ్లకి ఐడియా వచ్చింది, ఆవేశంలో రెండడుగులు బై నాలుగడుగుల టెంటూ, ఒక ఎల్ఈడీ లైటూ కొనేశాం కూడా. ముగ్గురం కాబట్టి తలా నాలుగు, మొత్తం 12 మొక్కలు పెట్టొచ్చని రూమ్మేట్ వాదన. ఊళ్లో మా అమ్మ పెరట్లో బీర, సొర, చిక్కుడు అన్నీ పెంచేది, నా చేతిలో మాత్రం మనీప్లాంట్ కూడా బతకలేదు. నీళ్లు ఎంత పోయాలి, లైటు ఎన్ని గంటలు ఉంచాలి, వాసన సంగతేంటి? పైన ఓనర్ ఆంటీ వాళ్లుంటారు, చిన్నపిల్లలు ఉన్నారు.

వింటర్_రైతు:
ముందు ఆ 12 అన్నవాణ్ణి కూర్చోబెట్టి చెప్పు. నాలుగు అనేది మనిషికి కాదు, ఇంటికి. 2018 అక్టోబర్ 17 నుంచి అమల్లో ఉన్న చట్టం అదే, ఇంట్లో ఒక్కడున్నా ఆరుగురున్నా నాలుగే. దాటితే నేరం, గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. అంత వేస్తారని కాదు, నీకు అసలు టెన్షన్ వేరే. గరిష్ఠంగా పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్ని ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టం తీవ్ర నేరాల కింద లెక్కేస్తుంది, కాబట్టి కోర్టు నిన్ను ఫైన్ కట్టించి వదిలేసినా దోషి అని తేలితే చాలు, పీఆర్ ఫైలు మూలన పడుతుంది. ఎనిమిది మొక్కల కోసం అంత రిస్కా?

ఇంకోటి, లీజు కాగితం తీసి చదువు. పెంచకూడదని ఓనర్ లీజులో రాస్తే చట్టం ఇచ్చిన నాలుగూ ఆ ఇంట్లో లేనట్టే. విత్తనాలు లైసెన్సున్న షాపులోనో, ప్రభుత్వ ఆన్‌లైన్ స్టోర్‌లోనో కొను, 19 ఏళ్లు నిండాలి. ఎవరో ఫ్రెండ్ పొట్లంలో ఇచ్చిన గింజలు వద్దు. మాంట్రియల్‌కి మారే ఆలోచన ఉంటే అదీ చెప్పు, క్యూబెక్‌లో ఒక్క మొక్క కూడా కుదరదు, 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది.

రెండోసారి_పాసయ్యా:
మొక్క సంగతి నేను చెప్తా, మొదటిసారి రెండు మొక్కల్ని చంపిన అనుభవంతో. పొద్దున్నే లేచి తులసమ్మకి పోసినట్టు రోజూ చెంబుడు నీళ్లు పోసేవాణ్ణి. పదో రోజుకి ఆకులు వాలిపోయాయి, అయ్యో దాహమేమో అని ఇంకో చెంబు పోశా. తీరా పీకి చూస్తే వేరు గోధుమరంగులో మెత్తగా, ముట్టుకుంటే ఊడి వచ్చింది, మట్టి మీద దోమల్లాంటి చిన్న నల్ల పురుగులు. రెండోసారి గుడ్డ కుండీలు తెచ్చా, కుండీ ఎత్తి చూడటం అలవాటు చేసుకున్నా. తేలిగ్గా ఉంటేనే నీళ్లు, బరువుంటే ముట్టుకోవద్దు, ఇంతకు మించి సూత్రం లేదు.

లైటు విషయానికొస్తే మామూలు రకాలకి పెరిగేటప్పుడు 18 గంటలు, పూతకి తేవాలంటే 12 గంటల వెలుగు, 12 గంటల చిమ్మచీకటి. చిమ్మచీకటి అంటే నిజంగానే, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మెరిసే ఎర్ర చుక్కకి కూడా నల్ల టేప్ అంటించా నేను. కొత్తవాడివి కాబట్టి ఈ గంటల గొడవ లేకుండా దానంతటదే పూతకొచ్చే ఆటోఫ్లవర్ రకం రెండు పెట్టు, నాలుగు కూడా ఎక్కువే ఆ టెంట్‌కి. కరెంటుకి భయపడక్కర్లేదు, 100 వాట్ల లైటు 18 గంటలు వెలిగితే రోజుకి 1.8 యూనిట్లు.

అసలు దెబ్బ తగిలేది చెమ్మ దగ్గర. జనవరిలో బయట మైనస్ 15, లోపల టెంట్‌లో తడి గాలి, మా బేస్‌మెంట్ చిన్న కిటికీ అద్దం మీద నీళ్లు ధార కట్టేవి, రోజూ తువాలుతో తుడిచేవాళ్లం, గోడ సంగతి మాత్రం ఎవడూ చూడలేదు. మార్చిలో టెంట్ జరిపితే వెనక గోడంతా చేట వెడల్పున నల్ల బూజు. రిపేరు మా జేబులోంచే. గాలిలో చెమ్మ లాగేసే డీహ్యూమిడిఫైయర్ లేకుండా మొదలుపెట్టొద్దు. వాసన పూత వచ్చాకే మొదలవుతుంది, కార్బన్ ఫిల్టర్, ఫ్యాన్ లేకపోతే పై అంతస్తుకి ఎక్కేస్తుంది, ఇంగువ పోపు పెట్టి కప్పేద్దాం అనుకోకు, మేమూ ట్రై చేశాం, రెండూ కలిసి ఇంకా ఘోరంగా తయారైంది. పిల్లలున్న ఇల్లు కాబట్టి టెంట్‌కి తాళం, ఎండబెట్టింది గాజు సీసాలో పెట్టి దానికీ తాళం. లెక్కేస్తే మా మొదటి పంట షాపు రేటుకే పడింది, నిజం చెప్పాలంటే ఇంకా ఎక్కువే.

డెట్రాయిట్_అల్లుడు:
అమెరికా బోర్డర్ సంగతి ఎవరూ చెప్పలేదు. దసరాకో, ఎవరి పెళ్లికో ఇటు వస్తారు కదా, ఒక్క ఆకు, ఒక్క గింజ కూడా కారులో ఉండకూడదు, అటు నుంచి ఇటైనా ఇటు నుంచి అటైనా నేరమే. మొక్కల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని తిరగొద్దు. ఇక్కడ చాలా రాష్ట్రాలు అనుమతిచ్చినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, పౌరుడు కానివాడు వాడానని నోటితో ఒప్పుకున్నా ఎంట్రీ ఆపేయొచ్చు. హెచ్1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్న మనవాళ్లు ఈ థ్రెడ్ చూసి ఉత్సాహపడకండి, రాష్ట్రంలో లీగలైనా సిటిజన్‌షిప్‌కి అడ్డం రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019లోనే తేల్చి చెప్పింది.

కూకట్‌పల్లి_బాల్కనీ:
అన్నా, ఇక్కడ పదకొండో ఫ్లోర్ బాల్కనీలో ఒక్క మొక్క పెడితే ఎవడికి తెలుస్తుంది?

నర్సీపట్నం_వాడు:
తమ్ముడూ, తెలియడం తర్వాత, ముందు చట్టం చూడు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం, సెక్షన్ 20, గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఒక్క మొక్కే కదా అనే మినహాయింపు అందులో లేదు. మా వైపు ఏజెన్సీలో శీలావతి అనే గంజాయి రకం తోటలు 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు దగ్గరుండి నరికించారు. మా వీధి కుర్రాడు ఖర్చులకి డబ్బులొస్తాయని ఒక్క ట్రిప్పు బైకు మీద మోశాడు, వాళ్ల నాన్న బెయిలు కోసం ఎకరం జీడితోట అమ్ముకున్నాడు.

అంత మొక్కల పిచ్చి ఉంటే గోగు వెయ్యి. ఆకు పోలిక వల్లే దాని శాస్త్రీయ నామంలో కానబినస్ అని చేరింది, ఫొటోకి ఫొటో, పచ్చడికి పచ్చడి.

డెట్రాయిట్_అల్లుడు:
అది కూడా చూసుకుని వెయ్యాలి 😀 2014లో జార్జియా రాష్ట్రంలో ఒకాయన పెరట్లో బెండ మొక్కలు హెలికాప్టర్‌లోంచి చూసి గంజాయి అనుకుని పోలీసులు తుపాకులతో దిగారు.

బ్రాంప్టన్_బేస్‌మెంట్:
అందరికీ థాంక్స్. లీజు చదివా, రెండో పేజీలోనే ఉంది, పెంచకూడదని. అయినా ఆంటీని మర్యాదగా అడిగా, ఆమె మొదట టమాటాలు అనుకుని సరే అంది, ఏ మొక్కో చెప్పాక చున్నీ సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది, సమాధానం అదే అనుకుంటా. రూమ్మేట్ అలిగాడు. టెంటూ లైటూ మాత్రం మిగిలిపోయాయి, రిటర్న్ గడువు దాటింది. కరివేపాకు మొక్కకి పనికొస్తాయా?

వింటర్_రైతు:
భేషుగ్గా. నవంబర్ నుంచి నీళ్లు బాగా తగ్గించు. ఈ చలికి జనవరిలో ఆకంతా రాల్చి పుల్లలా నిలబడుతుంది, చచ్చిపోయిందని పీకెయ్యకు. గోటితో గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే ఏప్రిల్‌కి చిగురేస్తుంది. ఆంటీకి నాలుగు రెబ్బలు ఇవ్వు.