కరోనా యాంటీవైరల్ మాత్రలు నిజంగా పనిచేశాయా?

ప్రశ్న (మిర్యాలగూడ)
2020లో మా నాయనకు కరోనా వచ్చినప్పుడు ఫావిపిరావిర్ రాశారు. మొదటి రోజు పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది, మర్నాటి నుంచి పూటకు నాలుగు చొప్పున అమ్మ స్టీలు గిన్నెలో లెక్కపెట్టి ఇచ్చేది. ఆయన కోలుకున్నారు. అదే వారంలో జ్వరపడిన మా పెద్దనాయన మాత్రం ఒక్క పారాసెటమాల్‌తోనే కోలుకున్నారు. ఇప్పుడు అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. ఒకచోట 89 శాతం రక్షణ అని, మరోచోట ప్రయోజనమే లేదని చదివాను. దేనిని నమ్మాలి?

జవాబు (జడ్చర్ల, మందుల షాపు)
2021 వేసవిలో ఈ మాత్రలు నేనూ చాలా అమ్మాను. జ్వరం తగ్గినవాళ్లు తిరిగివచ్చి మందు గొప్పదన్నారు; తగ్గనివాళ్లు హైదరాబాదుకు వెళ్లిపోయారు కాబట్టి వారి మాట నా చెవిన పడనే లేదు. అందుకే కౌంటరు దగ్గర విన్నదాన్ని నేను సాక్ష్యంగా చెప్పను.

జవాబు (నల్లగొండ, వైద్యుడు)
షాపువారు చెప్పినదే అసలు చిక్కు. మీరు చదివిన రెండూ నిజమే, కానీ వేర్వేరు మనుషుల గురించి. 89 శాతం అన్నది నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపిన పాక్స్‌లోవిడ్‌ది. 2021లో టీకా వేసుకోని, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి లక్షణాలు మొదలైన మూడు రోజుల్లోపు ఇచ్చి చూసినప్పుడు, ఆసుపత్రి పాలైనవారు లేదా చనిపోయినవారు ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గంలో సుమారు 6.5 శాతం, మందు తీసుకున్న వర్గంలో 0.7 శాతం. ముప్పు తక్కువగా ఉన్నవారిలోనూ, టీకా వేసుకున్నవారిలోనూ చేసిన మరో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒమిక్రాన్ కాలంలో ఇజ్రాయెల్ వివరాలు చూస్తే 65 ఏళ్లు దాటినవారిలో ఆసుపత్రి చేరికలు బాగా తగ్గాయి. 40 నుంచి 64 ఏళ్లవారిలో తగ్గలేదు. అయితే అది మందు ఎవరికి ఇవ్వాలో చీటీ వేసి తేల్చిన పరీక్ష కాదు. మందు అడిగి తీసుకునేవారు మిగతా జాగ్రత్తలూ ఎక్కువే తీసుకుంటారన్నది మరవకూడదు.

మోల్నుపిరావిర్ అనే మరో కరోనా మాత్ర కథ ఇంకా స్పష్టం. మొదటి పరీక్షలో ఆసుపత్రి చేరికలు, మరణాలను 9.7 శాతం నుంచి 6.8కి తగ్గించింది. టీకాలు పడ్డాక బ్రిటన్‌లో 25 వేల మందికి పైగా చూస్తే రెండు వర్గాల్లోనూ ఆసుపత్రి చేరికలు, మరణాలు కలిపి సుమారు 0.8 శాతమే; కోలుకోవడం మాత్రం కొన్ని రోజులు ముందుగా జరిగింది. ఫావిపిరావిర్ ఆసుపత్రి చేరికలను తగ్గించినట్టు పెద్ద పరీక్షల్లో తేలలేదు.

మీ అమ్మగారి వయసు, షుగరు దృష్ట్యా పాక్స్‌లోవిడ్ గురించి అడగడం సబబే. ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి కాబట్టి జ్వరం రాగానే పరీక్ష చేయించండి. రిటోనావిర్ కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మాత్రల ప్రభావాన్ని పెంచుతుంది. కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గించాలి.

ప్రశ్నించినవారు
అమ్మ కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి అమ్లోడిపిన్ వాడుతోంది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష దసరా ముందు చేయించాం. అల్మారాలో ఆ ఫావిపిరావిర్ పట్టీ ఒకటి ఇంకా ఉంది.

జవాబు (జడ్చర్ల)
గడువు ఎప్పుడో తీరి ఉంటుంది, పారేయండి. అటోర్వాస్టాటిన్‌ను ఆ ఐదు రోజులూ, ఆ తర్వాత కొన్నాళ్లూ ఆపమనవచ్చు, అమ్లోడిపిన్ తగ్గించమనవచ్చు. సొంతంగా ఆపకుండా ఆ రెండు పట్టీలూ డాక్టరుకు చూపించండి.